అక్షహృదయం

క్రీడ మానవునికి సహజమైన ప్రవృత్తి. కడుపు నిండిన పసివాడు మొదట వెదికేది ఆటవస్తువునే. హైదరాబాదు నుండి బీజాపూరు పోయే రహదారిమీద మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలు మర్రిచెట్ల నీడకు పేరుపడినవి. ఆ దారికి అటూ ఇటూ ఉన్న పల్లెలలో ఒకప్పుడు పెద్దలు రచ్చబండల మీద పులిమేక ఆడేవారు. ఇండ్లలో స్త్రీలు, పిల్లలు అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడుకొనేవారు. బండమీద బొగ్గుతో గీసిన నాలుగు గీతలు, గుప్పెడు చింతగింజలు, నాలుగు గవ్వలు ఉంటే చాలు, ఆటకు కొరత ఉండేది కాదు. వాటికి వెల లేదు. కనుక “ఈ ఆటను కొనవచ్చునా? కొంటే ఎంతకు కొనాలి?” అనే ప్రశ్న ఆ తరానికి ఎదురు కాలేదు.

నేటి విద్యార్థికి ఆ ప్రశ్న అనుదినమూ ఎదురవుతున్నది. చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్ వైపు కళాశాలకు పోయే ఒక విద్యార్థిని ఊహించుకొనవచ్చు. అతని చేతిలోని సెల్‌ఫోన్ ఒక పెద్ద ఆటల అంగడి. అందులో కొన్ని ఆటలకు వెల కట్టి ఉన్నది. ఎక్కువ ఆటలమీద “ఉచితం” అని వ్రాసి ఉన్నది. ఇంట్లో పెద్దలు “ఆటలన్నీ దండుగ” అంటారు. తోటివారు “డబ్బు పెట్టి ఆట కొనేవాడు తెలివితక్కువవాడు” అంటారు. ఈ రెండు మాటలూ పరిశీలనకు నిలిచేవి కావు. వీడియో ఆటలను అభిరుచిగా చేపట్టి, ఏండ్ల తరబడి కొని ఆడినవారిని అడిగితే మరొక మాట వినిపిస్తుంది: ధర కట్టి కొన్న మంచి ఆట చౌక, ఉచితంగా వచ్చిన ఆటయే తరచుగా ప్రియమైనది. ఈ మాట మొదట వింతగా తోచినా, దానిలోని న్యాయాన్ని మన ప్రాచీన కథ ఒకటి చక్కగా వివరిస్తుంది.

మహాభారతం అరణ్యపర్వంలో, జూదంలో రాజ్యం పోగొట్టుకొని అడవులలో ఉన్న ధర్మరాజుకు బృహదశ్వుడనే మహర్షి నలుని కథ చెబుతాడు. నిషధరాజైన నలుడు కలి ఆవేశించగా పుష్కరునితో జూదమాడి సర్వస్వం కోల్పోయాడు. కట్టుకున్న దమయంతిని అడవిలో విడిచి, చివరకు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా చేరాడు. విదర్భకు పోయే దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులెన్నో, కాయలెన్నో చూపుతోనే లెక్కగట్టి చెప్పాడు. నలుడు రథం ఆపి, దిగి, కాయలు లెక్కపెట్టి, రాజు మాట నిజమని తెలిసికొన్నాడు. తనకు తెలిసిన అశ్వవిద్యకు బదులుగా ఆ రాజువద్ద అక్షహృదయమనే విద్యను గ్రహించాడు. అక్షాలంటే పాచికలు, వాటి మర్మమే అక్షహృదయం. ఆ విద్య పట్టుబడగానే కలి అతనిని విడిచిపోయాడు. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. నలుడు పాచికలు ముట్టనని ఒట్టుపెట్టుకొని బాగుపడలేదు. పాచికల గుట్టు తెలిసికొని బాగుపడ్డాడు. నేటి ఆటగానికి కావలసిన విద్య కూడ ఇదే. ఒక ఆట తనకు ఏమిస్తున్నది, తననుండి ఏమి తీసికొంటున్నది, ఎట్లా తీసికొంటున్నది అనే లెక్కయే ఈనాటి అక్షహృదయం.

ఆటకు వెల చెల్లించే పద్ధతి కాలానుగుణంగా మారుతూ వచ్చింది. 1972లో అమెరికాలో అటారీ సంస్థ ‘పాంగ్’ అనే ఆటను నిలువుపెట్టెలో అమర్చి బహిరంగ స్థలాలలో ఉంచింది. నాణెం వేస్తే ఆట మొదలవుతుంది; ఓడితే మరొక నాణెం వేయాలి. 1990 తరువాతి కాలంలో మన పట్టణాలలోని ఇండ్లకు టీవీకి తగిలించి ఆడే యంత్రాలు, వాటిలో పెట్టే క్యాసెట్లు వచ్చాయి. 2000 తరువాత ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. గంటకు ఇంత అని అద్దె చెల్లించి విద్యార్థులు అక్కడ ‘కౌంటర్ స్ట్రైక్’, ‘వైస్ సిటీ’ వంటి ఆటలు ఆడేవారు. 2003లో వాల్వ్ అనే అమెరికన్ సంస్థ ‘స్టీమ్’ అనే అంగడిని ప్రారంభించింది. దానిలో ఆటను డబ్బాతో పని లేకుండ నేరుగా కంప్యూటరులోనికి దింపుకొనవచ్చు. 2015 నుండి అక్కడి ధరలు భారతీయులకు రూపాయలలోనే కనిపిస్తున్నాయి.

ఈ పద్ధతులలో లోపాలు లేకపోలేదు. నాణేలు మింగడానికే కొన్ని ఆటలను మరీ కఠినంగా తయారుచేసేవారు. అయినను వీటన్నిటికీ ఒక సమానలక్షణం ఉన్నది. ఎంత ఖర్చవుతున్నదో ఆడేవానికి కనిపిస్తుంది. జేబులోని నాణేలు తగ్గడం చేతికి తెలుస్తుంది. గంట ముగియగానే సెంటరు యజమాని “టైమైంది, లే” అంటాడు. ఆట ముగిసే క్షణం ఒకటి తప్పనిసరిగా వచ్చేది. “ఉచితం” అనే కొత్త పద్ధతి మార్చివేసింది ముఖ్యంగా ఈ రెంటినే. అందులో ఖర్చు కంటికి కనపడదు; ఆటకు ముగింపు ఉండదు.

చేవెళ్ల ప్రాంతం కూరగాయలకు, పూలకు పేరుపొందినది. అందుచేత ఇక్కడి విద్యార్థులకు రెండు వ్యవసాయపు ఆటల కథ సులభంగా బోధపడుతుంది. మొదటిది ‘ఫామ్‌విల్’. 2009లో జింగా అనే సంస్థ ఫేస్‌బుక్‌లో దీనిని విడుదల చేసింది. ఆటగాడు తెరమీద పొలం దున్నాలి, విత్తాలి, కోయాలి. ప్రవేశానికి రుసుము లేదు. మరుసటి సంవత్సరానికే నెలకు ఎనిమిది కోట్లమంది ఆడేంతగా ఇది వ్యాపించింది. అయితే వేసిన పంట ఫలానా సమయానికి చేతికి వస్తుంది. ఆ వేళకు వచ్చి కోయకపోతే వాడిపోతుంది. ఉద్యోగి పని మధ్యలో, విద్యార్థి పాఠం మధ్యలో ఆ పొలాన్ని గురించి ఆలోచించవలసిందే. వేచి ఉండే ఓపిక లేనివారికి పని త్వరగా సాగే మార్గాలను ఆ సంస్థ డబ్బుకు అమ్మింది. 2020 డిసెంబరు 31న ఆ ఆట మూతబడింది. పదకొండేండ్లు సాగుచేసిన పొలాలు ఒక్కనాడే మాయమయ్యాయి.

రెండవది ‘స్టార్‌డ్యూ వ్యాలీ’. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ యువకుడు నాలుగేండ్లకు పైగా ఒంటరిగా శ్రమించి, బొమ్మలు, సంగీతం, కథ, గణన అన్నీ తానే సమకూర్చి 2016లో దీనిని విడుదల చేశాడు. ఇదికూడ పొలం ఆటే. దీనికి కొన్ని వందల రూపాయల వెల ఉన్నది. ఆ వెల ఒక్కసారి చెల్లిస్తే చాలు. తరువాత చేర్చిన కొత్త భాగాలను కూడ అతడు కొన్నవారికి అదనపు రుసుము లేకుండనే ఇచ్చాడు. 2024 చివరికి నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఈ ఆటలో ఒక దినం పావుగంటలోపే ముగుస్తుంది, ఆటలోని రైతు పడుకొంటాడు, ఆట భద్రపరచబడుతుంది. ఆడేవాడు లేచిపోతే ఆ పొలంలో కాలం ఆగిపోతుంది. అతడు వారం తరువాత వచ్చినా పైరు అట్లాగే ఉంటుంది.

తోటలోని టమాటా మనిషి తీరికకోసం ఆగదు. నీరు పెట్టవలసిన వేళకు పెట్టాలి, కోయవలసిన వేళకు కోయాలి, తెల్లవారకముందే మార్కెట్టుకు చేర్చాలి. రైతును నిద్రలేపే హక్కు నిజమైన పొలానికి ఉన్నది. ఎందుకంటే అది అతని కుటుంబానికి అన్నం పెడుతుంది. అన్నం పెట్టని కల్పిత పొలానికి ఆ హక్కు ఎక్కడిది? తండ్రి తోటకు పోయే వేళలో కుమారుడు తెరమీది పంట వాడిపోతుందని ఆందోళనతో మేల్కొని ఉండడంలోని విపరీతాన్ని గుర్తించినవాడు అక్షహృదయంలో మొదటి పాఠం నేర్చినట్లే. ఆడేవాడు లేచినప్పుడు ఆగే ఆట ఆడేవానికి లోబడినది. అతడు లేచిన తరువాత కూడ పిలిచే ఆట అతనిని లోబరచుకొనేది.

ఈనాటి ఉచితక్రీడలు ఫామ్‌విల్ కంటె నేర్పరితనం చూపుతున్నాయి. ప్రతిదినం హాజరైతే చిన్న కానుక ఇస్తాయి. ఒక్కరోజు తప్పితే వరుస తెగుతుంది. వస్తువుల వెల రూపాయలలో చెప్పవు. బీజీఎమ్ఐలో ‘యూసీ’లు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో ‘డైమండ్లు’ ముందుగా కొనాలి. వాటితో దుస్తులు, తుపాకుల రంగులు కొనాలి. నోటు చేతి నుండి జారిపోతుంటే కలిగే సంకోచం, అది డైమండుగా మారిన తరువాత కలుగదు. కొన్ని ఆటలు లోపల ఏమున్నదో చెప్పకుండ మూసిన పెట్టెలను అమ్ముతాయి. కోరిన వస్తువు రాకపోతే మరొక పెట్టె కొనాలి. ఇటువంటి పెట్టెలు జూదమే అవుతాయని 2018లో బెల్జియం దేశపు అధికారులు నిర్ణయించారు. వారానికి వంద రూపాయలు చిన్న మొత్తంగా కనిపించవచ్చు. సంవత్సరానికి అది అయిదువేల రెండువందలు. ఆ డబ్బుతో ముగింపు గల మంచి ఆటలు అయిదారు కొనవచ్చు.

వెల చెల్లించి కొనే ఆటలలో మాత్రం మోసానికి తావు లేదా అంటే, అక్కడకూడ మెలకువ కావాలి. కొత్తగా విడుదలైన పెద్ద ఆటల వెల మూడువేల నుండి అయిదువేల రూపాయల వరకు పలుకుతున్నది. ఏడాది, రెండేండ్లు ఆగితే వాటిలో అనేకం సగం ధరకు, అంతకంటె తక్కువకు లభిస్తాయి. ఆట పాతబడినంత మాత్రాన రుచి తగ్గదు. అయితే తగ్గింపు ధరలోనే మరొక ఉచ్చు ఉన్నది. చౌకగా వచ్చిందని పది ఆటలు కొని, రెండే ఆడి, తక్కినవాటిని మరచిపోయేవారు అభిరుచి గలవారిలోనే అధికం. చదవని పుస్తకాలతో బీరువా నింపినవాడు పండితుడు కానట్లే, ఆడని ఆటలు కూడబెట్టినవాడు ఆటగాడు కాడు. మూడువేల రూపాయల ఆటను అరవై గంటలు ఆనందంగా ఆడితే గంటకు యాభై రూపాయలు పడుతుంది. రెండు గంటలు ఆడి వదిలితే గంటకు పదిహేనువందలు పడుతుంది. ఆటను కొన్నప్పటి ధర ఒకటి, ఆడిన తరువాతి ధర మరొకటి. అనుభవజ్ఞులు ఈ రెండవ ధరనే చూస్తారు. చేతిలోని ఆట ముగిసేవరకు కొత్తది కొనరు. స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే, రెండు గంటలకంటె తక్కువ ఆడి ఉంటే, పద్నాలుగు దినాలలోపు అడిగి డబ్బు తిరిగి పొందవచ్చు. ఈ నియమం తెలియక నష్టపోవడం అవివేకం.

“కొన్నాను” అనే మాటనుకూడ సరిగా అర్థం చేసికొనవలసి ఉన్నది. క్యాసెట్టు, సీడీ కొన్నవాడు దానిని మిత్రునికి ఇవ్వగలిగేవాడు, తిరిగి అమ్మగలిగేవాడు. నేడు ఇంటర్నెట్ ద్వారా కొనేది సాధారణంగా ఆట కాదు. ఆడుకొనడానికి అనుమతి మాత్రమే. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో అమ్మిన ‘ది క్రూ’ అనే కార్ల పందెపు ఆటను 2024 మార్చి 31న నిలిపివేసింది. డబ్బు చెల్లించినవారికి కూడ ఆనాటి నుండి అది పనికిరాకుండ పోయింది. ఈ అన్యాయంపై ఐరోపాలో ఉద్యమం లేచి, 2025 నాటికి పదిలక్షలకు పైగా సంతకాలు సేకరించింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. అనుమతిని మాత్రమే అమ్ముతూ “కొనండి” అని చెప్పే అంగడి, ఆ సంగతి కొనేవానికి స్పష్టంగా తెలియజేయాలని దాని సారాంశం. కనుక ఇంటర్నెట్ లేకపోయినా నడిచే ఆటకు, ఎల్లప్పుడూ సంస్థ కంప్యూటరుతో ముడిపడి ఉండే ఆటకు మధ్య భేదం కొనేముందే విచారించుకొనాలి.

ఈ వాదానికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది పెద్దలనుండి: ఆటలే దండుగైనప్పుడు మంచి ఆట, చెడ్డ ఆట అనే వివేచన ఎందుకు? ఆట అదుపు తప్పితే వ్యాధి అవుతుందనడం నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో క్రీడావ్యసనానికి స్థానం కల్పించింది. కాని దాని లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి: ఆడడంపై అదుపు పోవడం, తక్కిన పనులన్నిటికంటె ఆటకే ప్రాధాన్యం ఇవ్వడం, హాని జరుగుతున్నదని తెలిసినా కొనసాగించడం. ఆడే ప్రతివాడూ రోగి అని ఆ సంస్థ చెప్పలేదు. మరొక వైపు, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వీడియో ఆటలకు పతకాలు ఇచ్చారు. ఈ రంగం కొందరికి జీవనోపాధి కూడ. ప్లేస్టేషన్-2 యంత్రం కోసం 2009లో వెలువడిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ హైదరాబాదులో తయారైనదే. అదే ఏడు వచ్చిన ‘దేశీ అడ్డా’ అనే ఆటకూడ హైదరాబాదు వారిదే. అందులో కబడ్డీ, గిల్లీదండ వంటి మన ఆటలు ఉన్నాయి. పల్లెలోని ఆట తెరమీదికి ఎక్కడం దండుగ అనలేము.

రెండవ అభ్యంతరం విద్యార్థులనుండి: చేతిలో డబ్బు లేనివాడు ఉచితమైనది కాక మరేమి ఆడగలడు? ఇది తోసివేయదగిన మాట కాదు. దొంగప్రతులు దీనికి జవాబు కావు. నాలుగేండ్లు ఒంటరిగా కూర్చొని ఆట తయారుచేసిన వాని శ్రమకు వెల చెల్లించకపోవడం, కూలికి వచ్చినవానికి కూలి ఎగ్గొట్టడం వంటిదే. నలుగురు మిత్రులు డబ్బు కలిపి, ఒకే కంప్యూటరు ముందు కూర్చొని వంతులవారీగా ఆడవచ్చు. అష్టాచెమ్మా ఆడిన అవ్వలు చేసినది ఇదే. వారెవరూ మనిషికొక పట్టము గీసికొనలేదు. ఉచితక్రీడలలోనైనా పైసా పెట్టకుండ, గడియారం చూచుకొంటూ ఆడి లేవగలవారు లేకపోలేదు. అటువంటివారిని ఆక్షేపించ పనిలేదు. వారికి అక్షహృదయం తెలుసు.

పందెం ఒడ్డి ఆడే ఆటల సంగతి వేరు. అవి వినోదం కావు; జూదం. రమ్మీ మొదలైనవి సెల్‌ఫోనులోనికి చేరి కుటుంబాలను అప్పుల పాలుచేయగా, తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టాన్ని సవరించి వాటిని నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆ మార్గాన్నే అనుసరించింది. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చింది. నలుడు అక్షహృదయం నేర్చి పుష్కరుని తిరిగి గెలిచాడు కదా అని ఎవరైనా అనవచ్చు. నలుని పందెంలో పాచికలు ఇద్దరికీ ఒక్కటే. ఇక్కడ పాచికలు, బల్ల, లెక్క అన్నీ ఎదుటివాని చేతిలోనే ఉన్నాయి. అటువంటి చోట కూర్చొనకపోవడమే ఆ విద్య ఫలం.

ధర్మరాజుకు ఆట తెలియకపోవడంకంటె, ఆట మధ్యలో లేవలేకపోవడమే గొప్ప ఆపద తెచ్చింది. ఒకసారి సర్వం పోయి, తిరిగి దక్కిన తరువాత కూడ రెండవసారి పిలుపు రాగానే అతడు పోయి కూర్చొన్నాడు. పిలిచినప్పుడెల్లా పోయేవాడు ఎంతటి ధర్మజ్ఞుడైనా ఓడిపోతాడు.

చేవెళ్ల బస్సులోని విద్యార్థి ఒక ఆటను దింపుకొనేముందు నాలుగు ప్రశ్నలు వేసికొంటే చాలు. దీని వెల మొత్తం ఎంత? ఇది ఎక్కడ ముగుస్తుంది? నేను లేచిపోతే ఇది ఆగుతుందా? రేపు సంస్థ మూసివేస్తే నాకేమి మిగులుతుంది? వీటికి తృప్తికరమైన జవాబులు దొరికిన ఆటకు వెల చెల్లించడానికి సంకోచించనవసరం లేదు. దొరకని ఆట ఉచితమైనా పుచ్చుకొనడానికి ఆలోచించాలి. అతడు ప్రశ్నలు వేసికొంటూ ఉండగానే దిగవలసిన చోటు వస్తుంది. ఆట ఆపి, సెల్‌ఫోన్ జేబులో పెట్టి, తడబడకుండ దిగగలిగితే ఆట అతనిది.